ఉమ్మడి గానుగ

చోడవరం పక్కన గోవాడలో గానుగాట మొదలైన సంగతి ముందుగా ముక్కుకే తెలుస్తుంది. మరిగే చెరకు రసం వాసన రోడ్డు దాకా వస్తుంది. ఆ తర్వాత కనిపించేది బండ్ల బారు. ట్రాక్టర్లు, లారీలు కాటా ఎక్కడానికి వరసగా నిలబడి ఉంటాయి. రైతు తనకు తోచిన రోజున కత్తి పట్టుకుని తోటలోకి దిగడానికి వీల్లేదు. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు రావాలి. ఎవరు, ఏ రోజు, ఎంత చెరకు కొట్టి తేవాలో ఆ కాగితం చెబుతుంది. అందరూ ఒకేసారి కొడితే చెరకు యార్డులో ఎండుతుంది. ఎవరూ కొట్టకపోతే మిల్లు ఊరికే తిరుగుతుంది. ఈ రెండూ జరగకుండా చూడటమే అక్కడి సిబ్బందికి సీజనంతా పని.

చుట్టుపక్కల ఊళ్లలో బెల్లం వండే గానుగలదీ ఇదే లెక్క. గానుగ అందరికీ ఉండదు. ఉన్నవాళ్ల దగ్గర లేనివాళ్లు వంతు చెప్పుకుని, అద్దె కట్టి, తమ చెరకు ఆడించుకుంటారు. అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు చేరే దిమ్మల్లో ఎన్నింటి వెనకో ఇలాంటి వంతులు ఉన్నాయి. ఏడాదిలో నాలుగైదు నెలలే పని ఉండే యంత్రాన్ని ఇంటికొకటి నిలబెట్టుకోవడం ఎవరి వల్ల అవుతుంది?

క్లౌడ్ కంప్యూటింగ్ అనగానే చాలామంది ఆకాశం వైపు చూస్తారు. గోవాడ కాటా దగ్గర గంటసేపు నిలబడితే దాని కిటుకు సగం బోధపడుతుంది.

మిగతా సగానికి ఒక బస్సు టికెట్టు కథ చెప్పుకోవాలి. 2005 దీపావళి. బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేస్తున్న తెలుగు ఇంజనీరు ఫణీంద్ర సామా పండక్కి ఇంటికి వెళ్దామని బయల్దేరాడు. ఏ ఏజెంటును అడిగినా సీట్లు అయిపోయాయన్నారు. నిజంగా అయిపోయాయా, లేక ఆ ఏజెంటు దగ్గరున్న నాలుగు సీట్లే అయిపోయాయా అన్నది తెలిసే దారి లేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లున్నాయో బస్సు యజమాని నోటు పుస్తకంలో ఉంటుంది. ఏజెంట్లు ఫోన్ చేసి, అడిగి, రాసుకుంటారు. పండగ రోజుల్లో ఆ ఫోనే దొరకదు. పండగ గడిచాక సామా, ఆయన బిట్స్ పిలానీ మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు కలిసి ఈ చిక్కు విప్పడానికి కూర్చున్నారు. 2006లో రెడ్‌బస్ పుట్టింది.

టికెట్ల వ్యాపారానికి కంప్యూటరు ఎంత పెద్దది కావాలి? ఈ ప్రశ్నకు జవాబు రోజుకొక రకంగా ఉంటుంది. ఆషాఢంలో ఒక మంగళవారం మధ్యాహ్నం చిన్న యంత్రం చాలు. సంక్రాంతికి ముందు వారం హైదరాబాద్ నుంచి అనకాపల్లి, శ్రీకాకుళం, అమలాపురం పోయే బస్సుల కోసం లక్షలమంది ఒకే గంటలో వెతుకుతారు. ఆ గంట కోసం సర్వర్లు కొంటే మిగతా ఏడాదంతా అవి ఖాళీగా కరెంటు తాగుతాయి. కొనకపోతే ఆ గంటలో సైటు కూలిపోతుంది, ఏడాది వ్యాపారంలో ముఖ్యమైన భాగం చేజారుతుంది. మొదట్లో మామూలు డేటా సెంటర్లోని సర్వర్ల మీద నడిచిన రెడ్‌బస్ తర్వాత అమెజాన్ క్లౌడ్‌కు మారింది. మన దేశంలో ఆ దారి పట్టిన తొలితరం సంస్థల్లో అది ఒకటి. రద్దీ పెరిగితే అదనపు యంత్రాలు నిమిషాల్లో జతపడతాయి, తగ్గితే తప్పుకుంటాయి. వాడుకున్నంతకే బిల్లు.

సీట్ల వెతుకులాట వివరాలను జల్లెడ పట్టడానికి రెడ్‌బస్ గూగుల్ వారి బిగ్‌క్వెరీని కూడా వాడింది. ఒక మార్గంలో టికెట్లు హఠాత్తుగా తగ్గితే కారణమేమిటి? జనం అడగడం లేదా, అడుగుతున్నా బస్సులు లేవా, లేక ఎక్కడో సర్వరు మొరాయించిందా? నోటు పుస్తకాల కాలంలో ఈ ప్రశ్న అడగడానికే వీలుండేది కాదు. 2013లో రెడ్‌బస్‌ను ఐబిబో గ్రూప్ కొనుక్కుంది. ఈ కథలో అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. రెడ్‌బస్ బస్సు యజమానుల కోసం ‘బాస్’ అనే సాఫ్ట్‌వేరు తయారుచేసింది. పది బస్సులున్న యజమాని సర్వరు కొనలేదు, ఇంజనీరును పెట్టుకోలేదు, క్లౌడ్ అన్న మాట వినాల్సిన అవసరమూ రాలేదు. బ్రౌజరు తెరిచి సీట్లు చూసుకున్నాడు, అంతే. వ్యాపారాల్లోకి క్లౌడ్ ఎక్కువగా అడుగుపెట్టింది ఇలాగే. చోడవరంలో ఎరువుల దుకాణం బిల్లింగ్ యాప్, ట్యూషన్ సెంటర్ ఆన్‌లైన్ హాజరు, ఆసుపత్రి ల్యాబ్ రిపోర్టు ఫోనుకు రావడం, ఇవన్నీ ఎవరో ఒకరి ఉమ్మడి యంత్రం మీద నడిచే పనులే.

కంప్యూటరును ఊరుమ్మడిగా వాడుకోవాలన్న ఆలోచన పాతదే. 1961లో ఎంఐటీ శతవార్షికోత్సవ ప్రసంగంలో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ ఒక ఊహ ముందుంచాడు. టెలిఫోను వ్యవస్థలాగే కంప్యూటింగ్ కూడా ఒకనాడు ప్రజలందరికీ అందే సదుపాయంగా ఏర్పడవచ్చని, వాడుకున్నంతకు డబ్బు కట్టే రోజు రావచ్చని ఆయన అన్నాడు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు నుంచి వెళ్లి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న దబ్బల రాజగోపాల్ రెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసింది ఈ మెకార్తీ దగ్గరే. ఆ కాలపు యంత్రం ఒక గదంత ఉండేది. దాని సమయాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క ఒక్కొక్కరికి వడ్డించేవారు. ముక్కలు ఎంత వేగంగా మారేవంటే, యంత్రమంతా తనదేనని ప్రతివాడికీ అనిపించేది. తర్వాత బల్ల మీద పట్టే కంప్యూటర్లు వచ్చాయి, ఎవరి యంత్రం వారిదైంది, ఆ ఉమ్మడి ఆలోచన కొన్నాళ్లు అటకెక్కింది.

2000 నాటికి కంపెనీల సర్వర్ గదులు ఇంటింటా గానుగలా తయారయ్యాయి. జీతాల లెక్కకు ఒక సర్వరు, ఈమెయిల్‌కు ఇంకొకటి, వెబ్‌సైటుకు మరొకటి. ఒకదాని పని ఇంకొకదానికి అప్పజెప్పడానికి భయం. ఫలితంగా చాలా సర్వర్లు తమ శక్తిలో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే పనిచేసేవి.

ఈ వృథాను అరికట్టిన ఉపాయం పేరు వర్చువలైజేషన్. ఐబీఎం పెద్ద యంత్రాల్లో 1960ల నుంచే ఉన్న ఈ విద్యను మామూలు సర్వర్లకు తెచ్చింది 1998లో మొదలైన వీఎంవేర్. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి జెన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వచ్చింది. వర్చువలైజేషన్ అర్థం కావాలంటే వాటాలు వేసి అద్దెకిచ్చే ఇల్లు గుర్తు చేసుకోవాలి. పునాది, పైకప్పు, బావి ఒకటే. గోడలు కట్టి నాలుగు వాటాలు చేస్తే ఎవరి వంటిల్లు వారిది, ఎవరి తాళం వారిది, ఎవరి కరెంటు మీటరు వారిది. హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేరు చేసే పని ఆ గోడలు కట్టడమే. ఒక సర్వరు మీద పది కంపెనీల ప్రోగ్రాములు నడుస్తున్నా, పక్క వాటాలో ఎవరున్నారో ఏ ఒక్కరికీ తెలియదు, తెలియకూడదు. పక్క వాటా వాళ్లు ఉన్న నీళ్లన్నీ తోడేసుకుంటే మనకు ఇబ్బంది అయినట్టే, ఒక ప్రోగ్రాము డిస్కునూ నెట్‌వర్కునూ గుంజేసుకుంటే మిగతావి నెమ్మదిస్తాయి. ఇంజనీర్లు దీన్ని గొడవ పొరుగు సమస్య అనే పిలుస్తారు. ఎవరి వాటా ఎంతో కొలిచి, గీత గీసి, దాటనివ్వకపోవడంలోనే క్లౌడ్ కట్టేవారి నేర్పు సగం ఉంది.

అమెజాన్ ఈ రంగంలోకి ఎలా వచ్చిందన్నదానికి ఒక కథ ప్రచారంలో ఉంది. క్రిస్మస్ రద్దీ కోసం కొన్న సర్వర్లు మిగతా నెలల్లో ఖాళీగా ఉంటే అద్దెకిచ్చారట. వినడానికి బాగున్నా ఇది నిజం కాదని ఆ సంస్థ ముఖ్య సాంకేతికాధికారి వెర్నర్ వోగెల్స్ స్వయంగా ఖండించాడు. మిగిలినవి అద్దెకిస్తే తర్వాతి క్రిస్మస్‌కు ఏం చేస్తారు? అద్దెకున్నవాళ్లను పండగ ముందు ఖాళీ చేయించలేరు గదా. అసలు కారణం వేరు. ఆ సంస్థలో ప్రతి బృందమూ కొత్త పని తలపెట్టినప్పుడల్లా నిల్వ, సర్వర్లు, నెట్‌వర్కు అంటూ అదే పునాది మళ్లీ మళ్లీ తవ్వుకుంటూ నెలలు పోగొట్టుకునేది. ఆ పునాదిని ఒకసారి గట్టిగా కట్టి అందరికీ అడిగినంత ఇస్తే? 2006 మార్చిలో నిల్వ సేవ ఎస్3, ఆగస్టులో యంత్రాలను అద్దెకిచ్చే ఈసీ2 బయటికొచ్చాయి. ఈసీ2ను తయారుచేసిన బృందం పనిచేసింది అమెరికాలో కాదు, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో. ఆ సంస్థలో పనిచేస్తున్న క్రిస్ పింక్‌హామ్ స్వదేశానికి వెళ్లి అక్కడే ఆ బృందాన్ని నిలబెట్టాడు. వాటా గోడల కోసం వారు వాడింది జెన్‌నే. ఒక చిన్న యంత్రానికి గంటకు 10 సెంట్లు అద్దె.

పునాది అంటే ఏమేమిటో చూద్దాం. అట్టడుగున ఉండేది కట్టడం: సర్వర్లు పేర్చిన ర్యాకులు, రెండు దిక్కుల నుంచి వచ్చే కరెంటు, అది పోయిన క్షణంలో అందుకునే బ్యాటరీలు, నిమిషంలోపు లేచే డీజిల్ జనరేటర్లు, వేడిని బయటికి తోడే చిల్లర్లు. హైదరాబాద్‌లో శ్రీధర్ పిన్నపురెడ్డి స్థాపించిన కంట్రోల్‌ఎస్ ఇలాంటి కట్టడాల్లో అత్యున్నత శ్రేణివి కట్టి పేరు తెచ్చుకుంది. ఆ శ్రేణి లెక్క 99.995 శాతం. అంటే ఏడాది మొత్తంలో ఆగిపోవడానికి అనుమతి 26 నిమిషాలే.

కట్టడం మీద నిల్వ. ఇక్కడే ఆలోచన తలకిందులైంది. పాత పద్ధతిలో చెడిపోని డిస్కు కోసం ఎక్కువ డబ్బు పోసేవారు. 2003లో గూగుల్ తన ఫైల్ వ్యవస్థ గురించి ప్రచురించిన పరిశోధన పత్రం వేరే మాట చెప్పింది: డిస్కులు చెడిపోతాయి, అది రోజువారీ సంగతి, అందుకు సిద్ధపడే కట్టాలి. ఏడాదికి నూటికి ఒక్క డిస్కే పోతుందనుకున్నా, 10 లక్షల డిస్కులున్న చోట రోజుకు 27 పోతాయి. అందుకే ఫైలును 64 మెగాబైట్ల ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ మూడు వేర్వేరు యంత్రాల్లో దాచారు. ఒకటి పోగానే మిగిలిన రెండింటి నుంచి మళ్లీ మూడోది పుడుతుంది, మనిషి చేయి పడకుండానే. విత్తనాలు ఒకే గాదెలో పోయని రైతుకు ఇందులో వింతేమీ కనిపించదు. ఎస్3 విషయంలో అమెజాన్ చెప్పే లెక్క ఇంకా దూరం పోతుంది. కోటి ఫైళ్లు దాస్తే, సగటున 10,000 ఏళ్లకు ఒకటి పోవచ్చు.

నిల్వ మీద షెడ్యూలరు. ఇది గోవాడ కటింగ్ ఆర్డరుకు అచ్చమైన తోబుట్టువు. ఏ పనిని ఏ యంత్రం మీద వేయాలి, దేన్ని కాసేపు ఆపాలి, ఏ యంత్రం చచ్చిపోతే దాని పనులను ఎక్కడికి తరలించాలి అన్న నిర్ణయాలను క్షణక్షణం ఇదే తీసుకుంటుంది. గూగుల్ లోపల బోర్గ్ పేరుతో నడిచిన ఇలాంటి వ్యవస్థ అనుభవంలోంచే 2014లో కూబర్నెటిస్ వచ్చింది. దాన్ని ప్రపంచానికి ఉచితంగా ఇచ్చారు, నేడు అన్ని క్లౌడ్‌ల మీదా అది నడుస్తోంది.

అన్నిటికన్నా పైన వాడుకరికి కనిపించేది ఒక కిటికీ మాత్రమే. మీ-సేవ కౌంటరులో దరఖాస్తు ఇచ్చినవాడికి లోపల ఏ గుమాస్తా ఏ రిజిస్టరు తిప్పాడో అక్కర్లేదు. ఏ వివరాలు ఇవ్వాలి, ఏ కాగితం వస్తుంది, ఎంత రుసుము అన్నవి ముందే రాసి ఉంటాయి. ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును ఇలా అడిగే కిటికీనే ఏపీఐ అంటారు. యంత్రం కావాలని మనిషి ఉత్తరం రాయనక్కర్లేదు, ప్రోగ్రామే అడుగుతుంది, ప్రోగ్రామే ఇస్తుంది, మీటరు తిరగడం మొదలవుతుంది. 2017 అక్టోబరు నుంచి ఈసీ2 మీటరు చాలా యంత్రాలకు గంటల లెక్క మాని సెకన్ల లెక్కలోకి వచ్చింది.

కొత్త కంపెనీలు క్లౌడ్‌లోనే పుట్టాయి కనుక వాటికి మారడమన్నది లేదు. పాత బ్యాంకులకు, బీమా సంస్థలకు, ఫ్యాక్టరీలకు ఇల్లు మారడమంత కష్టం. ముప్పై ఏళ్ల సాఫ్ట్‌వేరు, దాన్ని రాసినవాళ్లు రిటైరయ్యారు, ముట్టుకుంటే ఏం కూలుతుందో తెలియదు. హైదరాబాద్‌లో పుట్టి బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2011లో మైక్రోసాఫ్ట్ సర్వర్ల విభాగం పగ్గాలు పట్టేనాటికి అక్కడి చిక్కు ఇదే, కాకపోతే అవతలి వైపు నుంచి. కంపెనీల గదుల్లో పెట్టే సర్వర్లకు సాఫ్ట్‌వేరు అమ్మి ఆ విభాగం బాగా సంపాదిస్తోంది. 2008లో ప్రకటించి 2010లో అమ్మకానికి పెట్టిన అజూర్ క్లౌడ్ దాని ముందు పిల్ల కాలువ. ఆదాయం తెచ్చే పనిని పక్కనపెట్టి ఈ కాలువ తవ్వమంటే సొంత ఇంజనీర్లే సందేహించారని ఆయన తన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన పట్టిన దారి, కంపెనీలు సర్వర్ గదిని ఒక్కరోజులో మూసేయవని ఒప్పుకోవడం. సగం సొంత గదిలో, సగం క్లౌడ్‌లో ఉండనివ్వడం. ప్రత్యర్థిగా చూసిన లైనక్స్‌ను 2012లో అజూర్‌లోకి రానివ్వడం. 2014 ఫిబ్రవరిలో ఆయన ఆ సంస్థ అధిపతి అయ్యేసరికి కాలువ ఏరుగా మారుతోంది.

వ్యాపారాలన్నీ క్లౌడ్‌కు వెళ్లడమే తెలివని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐకి సొంత డేటా సెంటర్లున్నాయి. బేస్‌క్యాంప్ సాఫ్ట్‌వేరు తయారుచేసే అమెరికన్ సంస్థ 37సిగ్నల్స్ క్లౌడ్ అద్దెలు భారమయ్యాయని 2022లో ప్రకటించి, సర్వర్లు కొనుక్కుని బయటికొచ్చేసింది. ఏడాది పొడవునా పని సమానంగా ఉండేవాడికి సొంత గానుగే చవక కావచ్చు. సంక్రాంతి రద్దీ ఉన్నవాడికి, రేపు ఎంత పెరుగుతాడో ఇవాళ తెలియనివాడికి అద్దె గానుగ వరం.

అద్దె గానుగ ఎక్కడుందన్నదీ ముఖ్యమే. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చోడవరం నుంచి హైదరాబాద్‌కు 600 కిలోమీటర్లనుకుంటే వెళ్లి రావడానికి 6 మిల్లీసెకన్లు. అదే అమెరికాలోని వర్జీనియాకు వెళ్లి రావాలంటే, కేబుళ్ల మలుపులన్నీ కలుపుకుని 200 మిల్లీసెకన్లు దాటుతుంది. ఒక్క ప్రశ్నకైతే తెలియదు. ఒక పేజీ తెరవడానికి ఇరవై ప్రశ్నలు వరసగా వెళ్తే నాలుగు సెకన్లు, కొనేవాడి ఓపిక అక్కడే అయిపోతుంది. దీనికి చట్టం తోడైంది. చెల్లింపుల వివరాలు మన దేశంలోనే ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. అప్పటికే 2015లో మైక్రోసాఫ్ట్, 2016లో అమెజాన్, 2017లో గూగుల్ ఇక్కడ క్లౌడ్ కేంద్రాలు తెరిచాయి. 2022 నవంబరులో అమెజాన్ తన రెండో భారతీయ రీజియన్‌ను హైదరాబాద్‌లో ప్రారంభించింది.

రీజియన్ అంటే ఒక భవనం కాదు. ఒకదాని ఆపద ఇంకొకదానికి సోకనంత దూరంలో, సమాచారం క్షణంలో చేరేంత దగ్గరలో కట్టిన కేంద్రాల గుంపు. హైదరాబాద్‌లో ఇందుకు ఎంచుకున్న చోట్లు మూడు: షాబాద్ మండలం చందనవెల్లి, ఫ్యాబ్ సిటీ, ఫార్మా సిటీ. ఒకచోట వరదొచ్చినా, కరెంటు పోయినా, మిగతా రెండూ పని అందుకోవాలి.

ఈ జాగ్రత్త ఎందుకో ఉత్తరాంధ్రవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరింది, కరెంటు స్తంభాలు వేలల్లో పడ్డాయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. రోజుల తరబడి ఊరు చీకట్లో ఉంది. ఆ రోజున సర్వరును విశాఖలోని ఆఫీసు గదిలో పెట్టుకున్న వ్యాపారి పరిస్థితి ఒకటి, అదే లెక్కలు ముంబైలోనో చెన్నైలోనో కూడా ఉన్న వ్యాపారి పరిస్థితి వేరొకటి. కరెంటు తిరిగొచ్చిన రోజున రెండోవాడు దుకాణం తెరిచాడు, మొదటివాడు తడిసిన డిస్కులు ఆరబెట్టుకున్నాడు.

అయితే మూడు చోట్ల కట్టినా ముప్పు పూర్తిగా పోదు, ఎందుకంటే అన్నిటినీ ఆడించే సాఫ్ట్‌వేరు ఒకటే. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఉద్యోగి ఒకరు కొన్ని సర్వర్లను ఆపబోయి ఆదేశంలో ఒక విలువ తప్పుగా కొట్టడంతో అనుకున్నదానికన్నా ఎక్కువ సర్వర్లు ఆగి, వర్జీనియాలో ఎస్3 గంటల తరబడి పనిచేయలేదు. 2025 అక్టోబరు 20న అదే వర్జీనియాలో, డైనమోడీబీ అనే డేటాబేస్ సేవ చిరునామాల పట్టికను సరిదిద్దే ఆటోమేటిక్ వ్యవస్థ పొరపాటున ఆ పట్టికను ఖాళీ చేసింది. యంత్రాలన్నీ క్షేమంగానే ఉన్నాయి, వాటి చిరునామా మాత్రం ఎవరికీ దొరకలేదు. ప్రపంచమంతటా యాప్‌లు ఆగాయి. పొదుపు కోసం అందరూ ఒకే గానుగకు చేరితే, అది ఆగిన రోజు అందరి చెరకూ ఆగుతుంది.

చెరకు ప్రస్తావన ఇక్కడ ఊరికే రాలేదు. కొట్టిన చెరకు గంటలు గడిచేకొద్దీ తీపి కోల్పోతుంది, అందుకే దగ్గరి ఫ్యాక్టరీని కాదని దూరం పోవడం కష్టం. ఈ ప్రాంతంలో తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార చక్కెర ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గోవాడ కూడా ఇటీవలి ఏళ్లలో అప్పులతో, బకాయిలతో సతమతమైంది. ఒకే మిల్లుకు అలవాటు పడిన రైతుకు ఆ మిల్లు కుంటుపడితే ఏమవుతుందో ఇక్కడివారు చూశారు. కంపెనీల లెక్కలకూ ఇలాంటి బరువు ఉంది. కోట్ల ఫైళ్లు ఒక క్లౌడ్‌లో పేరుకున్నాక వాటిని బయటికి తీసుకెళ్లడానికి ప్రతి గిగాబైటుకూ రుసుము పడుతుంది. ఆ క్లౌడ్‌కే ప్రత్యేకమైన సేవలతో అల్లుకున్న సాఫ్ట్‌వేరును విప్పి మళ్లీ అల్లాలి. పూర్తిగా వెళ్లిపోయేవారి నుంచి ఈ రుసుము తీసుకోబోమని 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ ప్రకటించాయి. యూరప్ తెచ్చిన కొత్త చట్టం ఒత్తిడి దాని వెనక ఉంది. చేరేముందే బయటికి దారి చూసుకోవడం వ్యాపారి బాధ్యత, ఆ దారి మూయకుండా చూడటం చట్టం బాధ్యత.

ఇప్పుడు ఆ గానుగ చోడవరం ఇలాకాకే వస్తోంది. 2022 ఏప్రిల్ వరకూ విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ ఊరు నేడు అనకాపల్లి జిల్లాలో ఉంది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో, ఐదేళ్లలో, 1 గిగావాట్ స్థాయి డేటా సెంటర్ల సముదాయం కడతామని ప్రకటించింది. అదానీకనెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు. చోట్లు మూడు: విశాఖ జిల్లాలో తర్లువాడ, అడవివరం, అనకాపల్లి జిల్లాలో రాంబిల్లి. కలిపి 480 ఎకరాలు.

1 గిగావాట్ ఎంతో పరవాడ సింహాద్రి ప్లాంటు పొగగొట్టాలు చూసినవారికి తెలుస్తుంది. ఎన్టీపీసీ సింహాద్రి మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అందులో సగం. ఏడాదంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే 876 కోట్ల యూనిట్లు. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇళ్లు 36 లక్షలకు ఆ కరెంటు సరిపోతుంది. గూగుల్ తన కేంద్రాల్లో కంప్యూటర్లు 100 యూనిట్లు వాడితే చల్లదనానికి, మిగతా అవసరాలకు కలిపి 10 యూనిట్లలోపే అదనంగా ఖర్చు చేస్తోంది. ప్రపంచ సగటు 50 యూనిట్లు దాటి ఉంది. ఆ తేడా ఇంజనీరింగ్ ఘనతే. కానీ అది అన్ని వాతావరణాల్లోనూ ఒకేలా చేతికి రాదు.

ఎందుకో వేసవిలో నీళ్లు పోసుకునే కూజా చెబుతుంది. కూజా ఒంటి మీది తడి ఆరుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. అనంతపురం పొడిగాలిలో కూజా నీళ్లు జిల్లుమంటాయి. విశాఖ తీరం ఉక్కపోతలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కనుక తడి ఆరదు, నీళ్లు అంతగా చల్లబడవు. నీటిని ఆవిరి చేసి సర్వర్లను చల్లబరిచే పద్ధతికీ ఇదే హద్దు. నీళ్లు తక్కువ వాడాలంటే కంప్రెసర్లున్న చిల్లర్లు ఎక్కువ తిప్పాలి, అంటే కరెంటు పెరుగుతుంది. కరెంటు తగ్గించాలంటే నీళ్లు పెరుగుతాయి. చెరకు, వరి, ఉక్కు, మందుల ఫ్యాక్టరీలు, పెరిగే నగరం ఇప్పటికే పంచుకుంటున్న నీటిలోంచి ఈ కొత్త వాటా ఎంత, ఏ కాలువ నుంచి అన్నది ఇక్కడి రైతు అడిగే మొదటి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. తర్లువాడలో భూములు పోయే రైతులు ఆందోళన చేశారు. నీరు, విద్యుత్తు లెక్కలు బయటపెట్టమని హక్కుల సంఘాలు అడిగాయి. ఉద్యోగాల మాట కూడా నికరంగా చెప్పుకోవాలి. కట్టేటప్పుడు వేల చేతులు కావాలి, కట్టాక లోపల పని తక్కువమందిదే: చిల్లర్లు, జనరేటర్లు, హైవోల్టేజి లైన్లు, ఫైబరు తెలిసినవాళ్లు. అనకాపల్లి, చోడవరం ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో ఈ పనులు ఇప్పటి నుంచే నేర్పితే ఆ కొద్ది ఉద్యోగాలైనా ఇక్కడి పిల్లలకు దక్కుతాయి.

ఈ ప్రకటనలో జనం అంతగా పట్టించుకోని ముక్క ఒకటుంది. డేటా సెంటర్లతో పాటు సముద్ర గర్భ కేబుళ్లను విశాఖ తీరంలో ఒడ్డుకు తెస్తారు. ఇన్నాళ్లూ మన దేశపు ఇంటర్నెట్ బయటి ప్రపంచానికి దాటింది ప్రధానంగా రెండు రేవుల నుంచే, ముంబై, చెన్నై. చోడవరంలో ఒకరు ఫోనులో సింగపూర్ సర్వరును అడిగితే ఆ ప్రశ్న మామూలుగా ముందు 800 కిలోమీటర్లు దక్షిణానికి చెన్నై దాకా పోయి అక్కడ సముద్రంలో దిగుతుంది. కేబుళ్లు విశాఖకు చేరాక అది తీరానికి పోవలసిన దూరం 50 కిలోమీటర్లు.